డబ్బాలో బొడ్రాయి

సోమవారం పొద్దున నేను షట్టరు సగం కూడా ఎత్తకముందే సుప్రజ వచ్చి నిలబడింది. చేతిలో ఆ గేమ్ డబ్బా. మొహం చూస్తేనే తెలిసింది, ఇది మంచి మాట చెప్పడానికి వచ్చిన మొహం కాదని.

"ఏం చేసినావన్నా దీన్ని? ఆన్ కాలేదు," అంది.

నాకు కోపం తెప్పించడం సులభం. పొద్దున్నే అయితే మరీ సులభం. ఇరవై ఆరేళ్ళుగా కడపలో ఇదే సందులో కూర్చుని టంకం పెడుతున్నాను. టేపురికార్డర్లతో మొదలుపెట్టి టీవీలు, సెల్‌ఫోన్లు దాటి ఇప్పుడీ ఆట డబ్బాల దాకా వచ్చాను. ఓబుళేశు పెట్టిన టంకం ఊడిందని ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అననివ్వలేదు కూడా.

"శుక్రవారం నేనిచ్చేటప్పుడు ఆన్ అయిందా, లేదా? నీ కండ్లతో నువ్వే చూసుకుంటివి కదా!"

"అప్పుడు అయింది. శనివారం కూడా అయింది. నిన్న సాయంత్రం నుంచి అట్లే పడుండాది. నీ చిప్పు వల్లనే, ఇంగ దేనివల్ల?"

ఆమె వెనకాల అరవై ఏళ్ళ ఆమె ఒకరు కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడి ఉంది. "మా అమ్మ, కృష్ణవేణమ్మ," అంది సుప్రజ. పెద్దామె నాకు నమస్కారం పెట్టి, లోపలికొచ్చి బెంచీ చివర కూర్చుంది.

సుప్రజ మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. శుక్రవారం మధ్యాహ్నం మొదటిసారి నా అంగడికి వచ్చింది. పుస్తకమంత డబ్బా, మధ్యలో తెర, అటూ ఇటూ గుండీలు. రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే రకం. దానికి మోడ్‌చిప్ వేయమంది. మోడ్‌చిప్ అంటే గోరంత పలక. డబ్బా ఆన్ అయ్యే క్షణంలో అది ప్రాసెసర్‌ని కాస్త తడబడేట్టు చేస్తుంది. ఆ తడబాటులో డబ్బా తాళం అడగడం మరిచిపోతుంది. ఇక కంపెనీ వద్దన్న పనులన్నీ దానితో చేయించుకోవచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఊరికే దొరికే ఆటల కోసం వేయించుకుంటారు. ఈమెదీ అదే బాపతు అనుకున్నాను.

"టీచరమ్మవి, నీకేం ఆటలమ్మా?" అన్నాను.

"ఆటలకు కాదన్నా. దీంట్లో మా ఊరుండాది. కాపీ తీసుకోవాల."

గండికోట నీళ్ళ కింద పోయిన ఊళ్ళలో వాళ్ళ తెల్లగుట్టపల్లె ఒకటి. పరిహారం తీసుకుని ఊరంతా తలా ఒక దిక్కు పోయారు. సగం మంది ముద్దనూరు, కొందరు ప్రొద్దుటూరు, వీళ్ళు మైదుకూరు. సుప్రజ నాన్న శ్రీనివాసులు ఆ ఊరి లైన్‌మన్. ముప్పై ఏళ్ళు అక్కడే చేశాడు. మైదుకూరు అద్దె ఇంట్లో కుర్చీలో కూర్చుని పొద్దుపోక గోడ చూస్తుంటే, కూతురు ఈ డబ్బా తెచ్చింది. దిమ్మెలు పేర్చుకుంటూ ఇళ్ళూ వీధులూ కట్టుకునే ఆట ఒకటి ఉంటుంది కదా, అది పెట్టి, "నాయనా, మనింటికి పడమర ఎవరుండ్రి?" అని అడిగింది. అంతే, ఆయన మొదలుపెట్టాడు.

ఆయన ఇళ్ళ పేర్లతో చెప్పడు. కరెంటు కంబాలతో చెబుతాడు. ఏడో కంబం, గిడ్డయ్య ఇల్లు, తలుపు ఉత్తరానికి, ముందర రెండు మెట్లు, కింది మెట్టు విరిగి ఉంటుంది. ఎనిమిదో కంబం, పక్కకు వంగి ఉంటుంది, దాని కిందే మంచినీళ్ళ కుళాయి. ఆయన చెప్పడం, ఈమె దిమ్మె పెట్టడం. రెండేళ్ళు, రోజూ సాయంత్రం గంటసేపు. నలభై రెండు కంబాలు, రెండు వందల పైచిలుకు ఇళ్ళు, మూడు బావులు, బడి, పీర్ల చావిడి. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. ఆఖరి కంబం కూడా పెట్టించి, పోయిన మాఘమాసంలో ఆయన గుండెపోటుతో పోయాడు.

"నాయన లేడు. ఇప్పుడిది పోతే మళ్ళా కట్టేది నాతో కాదన్నా," అంది శుక్రవారం. "బ్యాటరీ ఉబ్బుతాండాది. ఈ ఆటని బయటికి కాపీ తీయనీరు కంపెనీ వాళ్ళు. చిప్పు వేస్తే తీయొచ్చంట కదా."

తీయొచ్చు. చిప్పు వేసే ముందు ఆమె నాకు ఊరు చూపించింది. తెరలో వీధులు, సన్నటి తీగలు, వరసగా కంబాలు. నాలుగు దార్లు కలిసేచోట బూడిదరంగు దిమ్మె, దాని నెత్తిన ఒక ఎర్ర దిమ్మె.

"బొడ్రాయి కూడా పెట్టినారే!" అని నవ్వాను. ఊరు పుట్టిననాడు నాటే రాయి అది, ఊరికి బొడ్డు. ఊళ్ళోవాళ్ళు లేచిపోవచ్చుగానీ దాన్ని పెకలించి తీసుకుపోకూడదు.

"మా నాయన మొట్టమొదట అదే పెట్టించినాడు. ఆడ్నుంచి అడుగులు కొలుచుకుంటా పొమ్మన్నాడు," అంది.

ఆ మాటకు నా మనసు కదిలింది, అబద్ధం చెప్పను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేశాను. రెండు గంటలు పట్టింది. ఆన్ చేసి చూపించాను. ఊరు వచ్చింది. అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ఆమె భూతద్దం కింద టంకం చూస్తానంది. చూపించాను. ఏదో వీడియోలో చూసిందట, ఆ సన్నటి రిబ్బను ఇంకో మిల్లీమీటరు ఎడమకు ఉండాలేమో అంది. నాకు సర్రున ఎక్కింది.

"నీ బళ్ళో పిల్లోళ్ళకు చెప్పుకోపోమ్మా ఇవన్నీ!" అన్నాను.

ఆమె చిన్నబుచ్చుకుంది. అయినా, "కాపీ ఇప్పుడే తీద్దామా అన్నా?" అని అడిగింది.

"దానికి పెద్ద మెమరీ కార్డు కావాల. తెచ్చినావా?"

"లేదే. నీ దగ్గర లేదా?"

"లేదు. సోమవారం కార్డు తీసుకోని రా, తీసిస్తా. రెండ్రోజుల్లో యాడికీ పోదులే నీ ఊరు."

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు సోమవారం వచ్చింది, ఊరు పోయింది, నేను టేబులు లైటు వేసి స్క్రూలు విప్పుతున్నాను.

మొదట ఛార్జరు పెట్టి కరెంటు ఎంత లాగుతోందో చూశాను. మీటరు ముల్లు లేచీ లేవనట్టు అక్కడే వణుకుతోంది. ప్రాణం ఉన్న డబ్బా అట్లా లాగదు. బ్యాటరీ కొలిచాను, ఉబ్బినా పనిచేస్తోంది. వెనక రేకు తీశాను. నా చిప్పు మీది దీపం వెలగలేదు. సుప్రజ నా భుజం మీదుగా తొంగి చూస్తోంది, ఊపిరి తగులుతోంది. నిజంగానే రిబ్బను జరిగిందా? మిల్లీమీటరు ఎడమకు ఉండాల్సిందా? ఆ క్షణంలో నేను కోరుకున్నది ఊరు తిరిగి రావాలని కాదు. తప్పు నాది కాకూడదని. ఇప్పుడు తలచుకుంటే అది కూడా సిగ్గుచేటే.

చిప్పు వైర్లు ఒక్కొక్కటే విప్పేశాను. రిబ్బను తీసేశాను. డబ్బా ఇప్పుడు చిప్పు లేనప్పుడు ఎట్లా ఉండేదో అట్లా ఉంది. అడ్డం నా చిప్పే అయితే ఇప్పుడు ఆన్ కావాలి. గుండీ నొక్కాను. తెర నల్లగానే ఉంది. మీటరు ముల్లు అక్కడే వణుకుతోంది.

"చిప్పు కాదు," అన్నాను. గొంతులో ధైర్యం వచ్చింది.

"మరేంది?"

ప్రాసెసర్ మీదున్న లోహపు మూత ఎత్తి భూతద్దం దించాను. పక్కనే కరెంటు పంచే చిన్న చిప్పు ఉంటుంది. దాని కాళ్ళ మధ్య ఏదో పేరుకుని ఉంది. తుప్పు అనుకున్నాను. తుప్పయితే పచ్చగా ఉంటుంది, ఇది పసుపు పచ్చగా ఉంది. స్పిరిట్లో ముంచిన దూది పెట్టి తుడిచాను. దూది చక్కటి పసుపు రంగుకు తిరిగింది. ఎందుకో వాసన చూశాను. పసుపే. మా ఇంట్లో గడపకు రాసే పసుపు.

కోపం, సంతోషం రెండూ ఒక్కసారే వచ్చాయి. దూది పైకెత్తి పట్టుకుని అరిచాను. "ఇదో, చూడు! దీని మింద పసుపు నీళ్ళు పోసినారు! ఇంట్లో మీరు చేసుకున్న పనికి పొద్దున్నే వచ్చి నా నెత్తిన రుద్దుతాండావు! ఎవరు పోసినారో చెప్పు!"

"నీళ్ళా? నీళ్ళెందుకు పోస్తామన్నా, మాకేమన్నా పిచ్చా?" అంది సుప్రజ.

"నేనే నాయనా," అంది కృష్ణవేణమ్మ బెంచీ మీద నుంచి.

ఆమె లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా ఇద్దరినీ కాక, టేబులు మీద విప్పి పడున్న డబ్బాను చూస్తూ చెప్పింది.

"నిన్న బొడ్రాయి దినం. ఊర్లో ఉండంగ ఈ దినం ఇంటికొక బిందె నీళ్ళు పోసేవాళ్ళం. ఊరు మునిగినాంక ఒక్క ఏడు కూడా చేసింది లేదు. రాయి నీళ్ళల్లో ఉండాది, యాడికి పోయి పోస్తాం? డబ్బాలో ఊరు కట్టినారంట గదా, ఒకసారి చూపించక్కా అని ఊరి ఆడోళ్ళు తొమ్మిది మంది వచ్చిండ్రి. ముద్దనూరు నుంచి, ప్రొద్దుటూరు నుంచి. పాప ఇంట్లో లేదు. నేనే పెట్టినా. ఆయన కట్టించేటప్పుడు రోజూ చూసేదాన్ని కాబట్టి మనింటి వాకిలి నుంచి బొడ్రాయి కాడికి దారి నాకు తెలుసు."

"నువ్వు నడిపించినావా?" అంది సుప్రజ, నమ్మలేనట్టు.

"ఆ. పదకొండో కంబం కాడ ఎడమకు తిరిగితే వచ్చేస్తాది. బొడ్రాయి కనపడంగానే అందరూ ఏడ్చిరి. వచ్చినోళ్ళల్లో రాములమ్మత్త అనింది, కండ్ల ముందర ఉండాదే, ఇప్పుడన్నా నాలుగు సుక్కలు పోద్దామని. పీట మీద పండబెట్టి, తమలపాకుతో ఒక్కొక్కరు ఒక్కో ఆకు పసుపు నీళ్ళు పోసినాం. కుంకుమ పెట్టినాం. అద్దం మీదనే గదా పోస్తాండేది, అద్దంలోకి నీళ్ళు పోవు గదా అనుకుంటి. కాసేపటికి తెర ఆరిపాయ. ఛార్జింగు అయిపోయిందేమో అని కొంగుతో తుడిచి వైరు పెట్టినా."

ఆకు నీళ్ళకు చచ్చేది కాదేమో. తడి మీద ఛార్జరు పెట్టడంతో చచ్చింది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆమె చేతుల వైపు చూసి మింగేశాను.

"పాప వచ్చి ఆన్ కాలేదు, చిప్పు చెడగొట్టినాడు అనింది. అదేనేమో అని నేనూ అనుకుంటి. అనుకోవాలని అనుకుంటి," అంది కృష్ణవేణమ్మ.

సుప్రజ తల్లి మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకుని, "చేయన్నా. ఏమన్నా చేయగలిగితే చేయి," అంది నాతో.

చేశాను. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. పలకంతా స్పిరిట్‌తో కడిగి, వేడిగాలితో ఆరబెట్టాను. కరెంటు పంచే చిప్పు మాడిపోయి ఉంది. నా దగ్గర అదే రకం చచ్చిన డబ్బా ఒకటి ఉంటే దాంట్లో నుంచి ఊడదీసి ఇక్కడ పెట్టాను. ఛార్జరు పెడితే ఈసారి ముల్లు లేచింది. సుప్రజ నా భుజం పట్టుకుంది, ఆమెకే తెలియకుండా. కృష్ణవేణమ్మ లేచి వచ్చింది. ముల్లు లేచి, లేచి, ఉండాల్సినచోట ఆగకుండా చివరిదాకా పోయి కొట్టుకుంది. నేను గబుక్కున వైరు పీకేశాను.

మీటరు తీసుకుని ప్రాసెసర్ చుట్టూ ఒక్కో చోట దాని వైరు కొసలు ఆనించాను. కుయ్‌మంది. ఇంకో చోట. కుయ్‌మంది. అన్నిచోట్లా ఒకటే అరుపు. లోపల అంతా షార్టయి ఒక్క ముద్దయిపోయింది.

"ఏమన్నా?" అంది సుప్రజ.

ఇట్లాంటివి నేను మామూలుగా విసుక్కుంటూ చెబుతాను, విసుగు అడ్డం పెట్టుకుంటే సులభం. ఈసారి విసుగు రాలేదు.

"ఊరుండేది ఈ మెమరీ చిప్పులోమ్మా. ఇది బాగుండాది. నీ ఊరు దీంట్లోనే ఉండాది, ఒక్క దిమ్మె కూడా యాడికీ పోలేదు. కానీ దీనికి తాళం ఉంటాది. ఏ డబ్బాకు ఆ డబ్బాదే తాళంచెవి, ఆ చెవి ప్రాసెసర్ లోపల ఉంటాది. ఆ ప్రాసెసరే నిన్న మాడిపోయింది. ఇంకో డబ్బాది తెచ్చి పెట్టినా ఈ తాళం రాదు. నాతోనే కాదు, ఎవరితోనూ కాదు."

"హైదరాబాద్ పంపిస్తే?"

"పంపించొచ్చు. దుడ్లు తీసుకుని ఇదే మాట చెప్తారు."

సుప్రజ కాసేపు ఆ పలక వంకే చూసింది. తర్వాత మెల్లగా అంది, "అమ్మది కాదన్నా తప్పు. నేను ఇంట్లో ఉంటే పోయనిచ్చేదాన్నా? ఆదివారం పూట బస్సెక్కి ప్రొద్దుటూరికి పోయినా. శుక్రవారం వచ్చేటప్పుడే తెచ్చుకోనింటే అయిపోయేది. తప్పు నాదే."

"ప్రొద్దుటూరికి ఎందుకు పోయినావు?" అన్నాను. ఎందుకో నాకు అప్పటికే తెలుసు.

"కార్డు కోసం. శుక్రవారం బస్సుకు టైమయిందని ఈడ కొనలేదు, మైదుకూరులో అంత పెద్దది దొరకలేదు."

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. తల్లి తప్పు తనదంటోంది, కూతురు తప్పు తనదంటోంది. నా టంకం మీద మచ్చ లేదు. వాళ్ళు డబ్బా తీసుకుని వెళ్ళిపోతారు, ఓబుళేశు పేరు ఓబుళేశు పేరులాగే ఉంటుంది. అట్లా అనుకుంటూనే నా చేయి టేబులు కింది డ్రాయరు లాగింది. లోపల మెమరీ కార్డు ఉంది, అట్ట కూడా చింపనిది. తీసి ఆమె ముందర పెట్టాను.

సుప్రజ దాన్ని చూసింది. నన్ను చూసింది.

"ఇది ఎప్పుడు తెచ్చినావు?"

"నెలయింది."

"శుక్రవారం ఉండిందా?"

"ఉండింది."

"మరి లేదంటివే?"

"కోపమొచ్చి," అన్నాను. "నా టంకం చూస్తానన్నావని."

ఇంకేదైనా కారణం ఉంటే బాగుండునని వెతుక్కున్నాను. లేదు. అరగంట పని. శుక్రవారం అరగంట కూర్చుని ఉంటే ఆ ఊరు ఈ కార్డులో ఉండేది. ఆమె ఆదివారం ఇంట్లో ఉండేది. తొమ్మిది మంది ఆడవాళ్ళు బిందెలతో పోసినా నష్టం లేకపోయేది.

సుప్రజ తిడుతుందని ఎదురుచూశాను, తిడితే తల వంచుకుని పడదామనుకున్నాను. ఆమె బ్యాగు తెరిచి, ప్రొద్దుటూరు అంగడి కవరులో నుంచి కార్డు తీసి నా కార్డు పక్కన పెట్టింది. రెండూ ఒకటే రకం. దానికీ అట్ట చింపలేదు.

"ఇదీ నువ్వే పెట్టుకోన్నా," అంది. "ఇంగ నాకెందుకు?"

నేను డబ్బా బిగించి ఇచ్చాను. స్క్రూలన్నీ సరిగ్గా పెట్టాను, ఒక్కటి కూడా వదల్లేదు. కృష్ణవేణమ్మ దాన్ని రెండు చేతులతో తీసుకుని కొంగులో చుట్టుకుంది. గడప దాకా పోయి ఆగింది.

"మొదటిసారి నీళ్ళు వచ్చినప్పుడు నోటీసన్నా ఇచ్చిండ్రి నాయనా," అంది. "సామాన్లు సర్దుకుంటిమి, బొడ్రాయికి మొక్కి ఎడ్లబండి ఎక్కితిమి. ఈసారి అది కూడా లేకపాయ."

వాళ్ళిద్దరూ సందు మలుపు తిరిగేదాకా నేను గడపలోనే నిలబడ్డాను. తర్వాత లోపలికొచ్చి ఆ రెండు కార్డులూ డ్రాయర్లో వేశాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కార్డుందా అని ఎవరైనా అడిగితే బజారుకు పోయి కొత్తది తెచ్చిస్తాను.